పూచీకి పెట్టిన చెయ్యి

పుష్యమాసం, బహుళ పంచమి, మిట్టమధ్యాహ్నం. ఎల్లకోట దక్షిణద్వారం దగ్గరికి ఎలుగుబంటిని ఆడించేవాడొకడు వచ్చి లోపలికి రానిమ్మని అడిగాడు. కావలివాళ్ళు రానివ్వలేదు. వచ్చినవాడు ఆ కోటకు దొర అయిన రేచనాయకుడు.

వజ్రకూట రాజ్యానికి ఉత్తరాన ఆఖరి కోట అది. దాని అవతల శీతవాహిని నది. నది అవతల తోడేలు గణాలు అనే తెగల అడవి. రేచన చేతికి మహారాజు ఒక కత్తి, ఒక గుప్పెడు మట్టి ఇచ్చి, ఎల్ల కాపాడమని పంపిన రోజున అక్కడ గోడ లేదు, గుడిసె లేదు. రెండు కొండల నడుమ ఇరుకు దారి మాత్రం ఉండేది. ఆ ఇరుకును మూస్తూ రేచన దేవదారు మొద్దులతో కోట కట్టించాడు. దక్షిణాది నుంచి భూమిలేని రైతుల్ని రప్పించి, గొడ్డళ్ళిచ్చి, నరికినంత అడవి మీదేనన్నాడు. వాళ్ళ గుడిసెలు ఉత్తరపు గోడకూ నదికీ మధ్య లేచాయి. గణాలతో కొన్నేళ్ళు యుద్ధం చేశాడు, ఆ తర్వాత సంధి చేసుకున్నాడు. చట్టాలు రాశాడు. వాటిలో మొదటిది పూచీ చట్టం.

ముఖపరిచయం లేనివాడు కోటలో కాలు పెట్టాలంటే కోటవాసి ఒకరు పూచీ నిలవాలి. వచ్చినవాడు ద్రోహం చేస్తే పూచీ నిలిచినవాళ్ళ కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగుతుంది. గొడ్డలి ఎత్తమనే మాట ఎల్లదొర నోటి నుంచే రావాలి. ఈ చట్టం వచ్చాక కోటలోకి వేగులు రావడం తగ్గింది. చుట్టాలు రావడం కూడా తగ్గింది.

రేచన మొహం పోయి అప్పటికి రెండు రోజులైంది. వేటలో దాహం వేసి అడవి మడుగు దగ్గర వంగాడు. అవతలి గట్టున కూర్చున్న ముసలివాడొకడు నీళ్ళలో చెయ్యి ముంచి, రేచన నీడను తడిబట్ట ఎత్తినట్టు పైకెత్తి తన మొహానికి వేసుకున్నాడు. రేచన లేచి చూసేసరికి ఎదురుగా తనే నిలబడి ఉన్నాడు. ఆ ముసలివాడి పేరు ఛాయాధరుడు. వాడి పక్కన ఎలుగుబంట్లవాడి శవం పడి ఉంది. దానికి మొహం లేదు. ఆ మొహం రేచనకు వచ్చింది, దానితోపాటు ఆ గొంతు కూడా.

"నిన్ను చంపను," అన్నాడు ఛాయాధరుడు రేచన గొంతుతో. "నేను వేసుకున్న నీడ నిలవాలంటే దాని మనిషి బతికుండాలి. పంచమి నాడు నది మీద గణాల నాయకుడు కంకరాయుడి గొంతు కోస్తాను, నీ చేత్తో. గణాలు కోటను తగలబెడతాయి. మహారాజు సైన్యం గణాలను తగలబెడుతుంది. ఆ తర్వాత మిగిలిన నేల నాది. నువ్వు వెళ్ళి ఎవరితోనైనా చెప్పుకో. నీ చట్టమే నీకు కాపలా."

మడుగు దగ్గర చలి ఉంది. మాట్లాడుతున్నప్పుడు రేచన నోటి ముందు ఆవిరి లేచింది. ఛాయాధరుడి నోటి ముందు లేవలేదు. రేచన అది గమనించాడు. చెట్టుకు కట్టేసి ఉన్న ఎలుగుబంటిని విప్పి, గొలుసు పట్టుకుని నడిచాడు. ఎలుగు లేని ఎలుగుబంట్లవాడిని ఎవరూ నమ్మరు. ఎలుగు మాత్రం అతన్ని నమ్మలేదు. మొహం చూసి దగ్గరికి వచ్చేది, వాసన చూసి గుర్రుమనేది. దారిలో రెండుసార్లు అతని మోచేతిని కరిచింది.

ఇప్పుడు ద్వారం పైనున్న కిటికీలోంచి తల బయటపెట్టినవాడు కాటన. ద్వారపాలకుల నాయకుడు. రేచనే ఏరికోరి పెట్టుకున్న మనిషి.

"పేరేందిరా?"

"బొద్దన, అయ్యా."

"లోపల ఎవరన్నా తెలుసా?"

"అందరూ తెలుసు."

కావలివాళ్ళు నవ్వారు. "అందరూ తెలిసినోడు ఒక్కడి పేరు చెప్పు," అన్నాడు కాటన. "ఇయ్యాల ఎల్లగుంజ నాటే రోజు. దొరగారు ముందే చిరాకుగా ఉన్నారు. జలుబు చేసి మూతికి శాలువా చుట్టుకున్నారు. నీ ఎలుగు గంతులు చూసే ఓపిక ఎవరికీ లేదు."

"కుక్కలేవి? మొరగడం లేదే."

"దొరగారు నిన్న వేటకుక్కలన్నింటినీ కొండకవతలికి తోలించేశారు. గోల చేస్తున్నాయంట." కాటన అంతలోనే మొహం ముడిచాడు. "నీకెందుకురా కుక్కల సంగతి?"

శీతవాహిని గడ్డకట్టిన రోజు నుంచి కరిగే రోజు దాకా ఎల్ల అంటూ ఉండదు. నీళ్ళున్నచోట దారి ఏర్పడుతుంది. అందుకని నది గట్టిపడగానే ఎల్లదొర చెప్పులు లేకుండా, ఆయుధం లేకుండా నడుమదాకా నడుస్తాడు. అవతలి నుంచి గణాల నాయకుడు కంకరాయుడు అదే తీరున వస్తాడు. ఇద్దరూ కలిసి మంచులో గుంజ నాటుతారు. అది నిలిచి ఉన్నంతకాలం ఎవరూ దాటరు. రేచన, కంకరాయుడు చేసుకున్న సంధి అంతా ఆ గుంజే.

సూర్యుడు వాలకముందే గుంజ నాటాలి. నదికి పోవాలంటే కోటలోంచి తప్ప దారి లేదు. ఆ ఇరుకును రేచనే మూయించాడు.

వెనక బండి చప్పుడైంది. చక్రాలు లేని ఈడ్పుబండి. దాని మీద దక్షిణపు కొండలో కొట్టి అప్పుడే చెక్కిన దేవదారు గుంజ. బండిని లాగుతున్న ఎద్దు పక్కన నడుస్తున్నది ముప్పమ. ఆమె మొగుడు దోనయ్య వడ్రంగి. ఏటా గుంజ చెక్కేవాడు. నిరుడు ఒక బట్టల వర్తకుడికి పూచీ నిలిచాడు. ఆ వర్తకుడు వేగు అని తేలింది. గొడ్డలి ఎత్తమన్నది రేచన. ఈ ఏడు గుంజ ముప్పమ చెక్కింది.

రేచన బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో అబ్బాయ్. ఎద్దు బెదురుతుంది."

"ముప్పమా," అన్నాడు గొంతు తగ్గించి. "నాకు పూచీ నిలబడాలి."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నా పేరు ఎవరు చెప్పారు నీకు? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా ఎగతాళి చెయ్యడానికి?"

"నేను రేచనని. నా మొహం ఒకడు ఎత్తుకుపోయాడు. లోపల ఉన్నవాడు నేను కాదు."

"ఓహో. నేను మహారాణిని. తప్పుకో."

"నన్నొక మాట అడుగు. దొరకు మాత్రమే తెలిసింది అడుగు."

ముప్పమ ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. పైనుంచి కాటన ఏదో అరిచాడు. ఆమె పట్టించుకోలేదు.

"మా ఆయన చెయ్యి ఎక్కడుంది?"

తెగిన చేతిని నదిలో పారెయ్యాలని చట్టం. పారేశారని కోటంతా నమ్మింది.

"మీ పొయ్యి వెనక గోడ కింద," అన్నాడు రేచన. "నేనే తెచ్చాను, గుడ్డలో చుట్టి. దోనయ్యకు జ్వరం. నువ్వు తలుపు తియ్యనన్నావు. తర్వాత తీశావు. గొయ్యి ముగ్గురం తవ్వాం, ఒంటిచేత్తో ఆయన కూడా. నువ్వు జొన్నగంజి పోశావు. ఉప్పు వెయ్యలేదు."

ముప్పమ గుంజ మీది చెక్కపొట్టు దులిపింది.

"కావాలనే వెయ్యలేదు," అంది.

"తెలుసు."

"అయితే నువ్వు దొరవే." ఎద్దు పగ్గం చేతికి చుట్టుకుంది. "ఇంకెవరైనా అయ్యుంటే ఆలోచించేదాన్ని. నీకు మాత్రం నిలబడను."

బండి కదిలింది. రేచన పక్కనే నడిచాడు. ఎలుగు గొలుసు చివర గుర్రుమంటూ వచ్చింది.

"వాడు కంకరాయుడిని చంపబోతున్నాడు. గుంజ దగ్గర, అందరూ చూస్తుండగా. గణాలు నది దాటితే ముందు తగలబడేది కోట కాదు. మీ గుడిసెలు."

"దోనయ్య గుడిసెలోనే ఉన్నాడు," అంది ముప్పమ. అడుగు ఆపింది. "సరే, ఒక మాటివ్వు. బతికి బయటపడితే ఈ పూచీ చట్టం తీసేస్తానను. నిలబడతాను."

"అనలేను."

"ఏం, నోరు రాదా?"

"ద్వారం బయట చేసిన బాస చెల్లదు. అది కూడా రాసి ఉంది. చెల్లని మాట ఇచ్చి నీ చెయ్యి అడగలేను."

ఆమె అతని మొహంలోకి చూసింది. మశూచి గుంటలు, చిరిగిన చెవి, ఎవరిదో చచ్చినవాడి మొహం.

"మాయగాడైతే సరే అనేవాడు," అంది. తల పైకెత్తి కేకేసింది. "కాటన్నా, తలుపు తియ్యి. వీడికి నేను పూచీ."

కాటన కిందికి దిగి వచ్చాడు. చేతిలో తాళాల గుత్తి ఉంది. "ఈ గుంటల మొహం వాడికా? ఏం వదినా, మీ ఇంట్లో ఒక చెయ్యి పోయింది చాల్లేదా?"

"ఇంకా మూడున్నాయి."

"నేను చెప్పేది విను."

"నువ్వు చెప్పేది వింటూ కూచుంటే పొద్దు గూకుతుంది. చట్టంలో మొహం బాగుండాలని ఉందా?"

"లేదు," అన్నాడు కాటన. "చట్టం దొరగారిది. నాది తాళంచెవి." తలుపు తీశాడు.

పూచీ నిలిచినవాళ్ళు, ఆ మనిషి కోట విడిచి వెళ్ళేదాకా, ద్వారపాలకుడి కళ్ళెదుట, చేతులు నరికే మొద్దు పక్కన కూర్చోవాలి. గుంజ నాటే వేడుక ఉత్తరద్వారం వైపు కాబట్టి కాటన దక్షిణద్వారానికి తాళం వేసి, మొద్దును, గొడ్డలిని, ముప్పమను ఉత్తరద్వారానికి తీసుకుపోయాడు. బండిని నది మీదికి లాగడానికి ఆమె లేదు. ఆ పని ఆమె పూచీ నిలిచినవాడికి వచ్చింది. కాటనే అప్పగించాడు. "ఊరికే తిరగకుండా పని చెయ్యి," అన్నాడు.

ఉత్తరద్వారం తెరిచారు. అవతల గుడిసెలు, గుడిసెల అవతల నది. మంచు మీద ఎండ పడి నది కంచుపళ్ళెంలా వెలుగుతోంది. కోట జనం ఇవతలి ఒడ్డున వరసగా నిలబడ్డారు. బూరలు ఊదారు. అవతలి ఒడ్డున తోడేలు గణాలు, భుజాల మీద తోడేళ్ళ తోళ్ళు, చేతుల్లో దించిన విల్లులు. ప్రతి మనిషి నోటి ముందు ఆవిరి. అంత జనం ఊపిరి కలిసి ఒడ్డున పొగమంచులా నిలిచింది.

నది నడుమ ఎల్లదొర వేషంలో ఛాయాధరుడు నిలబడ్డాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. ఒంటి మీద పంచె, మూతికి శాలువా. చేతిలో గుంజ కొట్టే కొయ్యసమ్మెట. ఆయుధం అనిపించుకోనిది అదొక్కటే. దాని పిడి పాతది కాదు. ఆ సమ్మెట పిడి రేచన అరచేతికి తెలుసు. ఇది అంతకంటే లావుగా ఉంది.

రేచన ఒక చేత్తో ఎలుగు గొలుసు పట్టుకుని బండిని నడుమదాకా లాగి గుంజను గుంట పక్కన దించాడు. మంచులో గుంట ముందే తవ్వి ఉంది. అవసరమైన దానికంటే వెడల్పుగా తవ్వి ఉంది. ఛాయాధరుడు అతన్ని చూశాడు. కళ్ళు చిట్లించాడు.

కంకరాయుడు అటునుంచి వచ్చాడు. గడ్డం మీద మంచు పేరుకుంది. "ఏం దొరా, నిరుడు చలికి నన్ను వెక్కిరించావు. ఈసారి మూతికి బట్ట చుట్టావే. అత్తగారిల్లా ఇది?"

"గుంజ పట్టు," అన్నాడు ఛాయాధరుడు.

కంకరాయుడు రెండు చేతులతో గుంజను గుంటలో నిలిపాడు. చేతులు రెండూ పనిలో ఉన్నాయి. మెడ వంగి ఉంది. ఛాయాధరుడు సమ్మెట ఎత్తాడు. పిడిని మెలితిప్పాడు. సమ్మెట తల మంచు మీద పడింది. చేతిలో కత్తి మిగిలింది.

రేచన గొలుసు వదిలేశాడు.

ఎలుగు అప్పటికే గాలి పీల్చి మంచును గోకుతోంది. తన యజమానిని చంపినవాడి వాసన దానికి మడుగు దగ్గరి నుంచి తెలుసు. అది గుంజను దాటుకుని ఛాయాధరుడి రొమ్ము మీద పడింది. కత్తి కంకరాయుడి భుజాన్ని గీసుకుని పక్కకు పోయింది. శాలువా మూతి మీది నుంచి ఊడి మెడలోకి జారింది. రేచన దూకి కత్తి చేతిని మణికట్టు దగ్గర పట్టాడు. ముగ్గురి బరువుకు గుంట అంచు చిట్లింది. ఛాయాధరుడు వెనక్కి జారి నీళ్ళలో పడ్డాడు. అంచు మీద మోకాళ్ళతో నిలిచిన రేచన చేతిలోంచి వాడి మణికట్టు జారిపోయింది. ఎలుగు గట్టి మంచు మీదికి పాకి, ఒళ్ళు దులుపుకుని, గుంటకేసి చూస్తూ నిలబడింది.

కోట ఒడ్డున కేకలు లేచాయి. దొరను ముంచేశాడని ఒకడు, పట్టుకోమని ఒకడు. గోడ మీద విలుకాళ్ళు బాణాలు సంధించారు. జనం లోపలికి పరుగెత్తగానే ఉత్తరద్వారం దబ్బున మూసుకుంది. మొద్దు దగ్గర డప్పు మోగింది. పూచీ తప్పినప్పుడు మోగే డప్పు అది.

కంకరాయుడు భుజం పట్టుకుని లేచాడు. రేచన నోటికేసి చూశాడు. ఆ తర్వాత గుంటలోకి చూశాడు. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. ఒక్క బుడగ కూడా లేదు.

"శాలువా ఊడినప్పుడు చూశాను," అన్నాడు. "మీ దొర నోట ఆవిరి లేదు. నీ నోట ఉంది. ఎవరు నువ్వు?"

"ఎల్లదొరని."

"మరి మొహం?"

"వాడి దగ్గరుంది."

"కత్తి పోగొట్టుకున్న దొరల్ని చూశాను. గుర్రం పోగొట్టుకున్నవాళ్ళని చూశాను." కంకరాయుడు ఉమ్మేశాడు. "నువ్వు వాళ్ళందరినీ మించావు."

రేచన అతని మాట వినడం లేదు. మంచు అక్కడ అద్దంలా పలచగా ఉంది. దాని కింద తన మొహం వెల్లకిలా కదులుతోంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. రెండు చేతులూ మంచు అడుగును తడుముతూ కోటవైపు పోతున్నాయి. కోటకు నీళ్ళు పోయే తూము నదిలోకే ఉంది. తూము చివర నీటిద్వారం. అక్కడి నుంచి మెట్లు నేరుగా దొర మేడకు.

"నేను లోపలికి పోవాలి," అన్నాడు. "వాడికంటే ముందు."

"పో. మీ వాళ్ళు జల్లెడ చేసి పంపుతారు."

"మా చట్టంలో ఇంకొక మాట ఉంది. ఇద్దరు పూచీ నిలిస్తే సూర్యాస్తమయం దాకా ఆ మనిషిని ముట్టుకోకూడదు. ఇంతవరకు ఎవరికీ ఇద్దరు దొరకలేదు."

కంకరాయుడు అతన్ని చూశాడు. ఆ తర్వాత కోటగోడను చూశాడు. ఆయన తండ్రి ఆ గోడ దగ్గరికి పోబోయి చచ్చాడు. ఆయన అన్న గోడ మీద చచ్చాడు.

"చెయ్యి పోతుందటగా?"

"కుడిది."

"నేను ఎడమచేతివాటం," అన్నాడు కంకరాయుడు. ఒరిగిన గుంజను గుంటలో మళ్ళీ నిలబెట్టి, వెనక్కి తిరిగి తన వాళ్ళకు చెయ్యెత్తి ఆగమన్నాడు. కత్తి చూసి వాళ్ళెత్తిన విల్లులు దిగలేదు. ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి.

ఇద్దరూ గుడిసెల మధ్య నుంచి ద్వారం దాకా నడిచారు. ఒక బాణం వచ్చి వాళ్ళ ముందు నేలలో దిగింది. రెండోది రాలేదు. కాటన ఆపాడు. ద్వారంలోని చిన్న కిటికీ తలుపు కొద్దిగా తీశాడు. కిటికీలోంచి మొద్దు కనబడింది. ముప్పమ కుడిచెయ్యి దాని మీద తోలుతాడుతో కట్టేసి ఉంది. పక్కన గొడ్డలి.

"దొరను చంపినోడికి తలుపు తియ్యమంటున్నావా?" అన్నాడు కాటన.

"వీడికి రెండో పూచీ నేను," అన్నాడు కంకరాయుడు.

"నువ్వు కోటవాసివి కావు."

"నాటిన గుంజకు ఇటువైపు నేల కోటది, అటువైపు నేల మాది అని మీ దొరే రాశాడు. నాటినరోజు నేను ఇటువైపు నిలబడినంతసేపు ఏ వాసిని?"

"గుంజ ఇంకా నాటలేదు."

"గుంటలో నిలబెట్టి వచ్చాను. పోయి చూడు."

కాటన గోడ మీదివాణ్ణి అడిగాడు. గుంజ నిలిచే ఉందని వాడు చెప్పాడు. కాటన తాళాల గుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"చట్టంలో ఎంత లోతు నాటాలో రాయలేదు," అన్నాడు.

"ముందు తియ్యవయ్యా," అంది ముప్పమ లోపలి నుంచి. "చెయ్యి తిమ్మిరెక్కుతోంది."

ద్వారం మనిషి పట్టేంత తెరుచుకుంది. కంకరాయుడు మొద్దు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచెయ్యి ముప్పమ చేతి పక్కన పెట్టాడు. కాటన అతని మణికట్టుకు తాడు బిగించాడు.

"ఏమ్మా, వీడు నిజంగా దొరేనా?" అని కంకరాయుడు అడిగాడు.

"దొరే. అదే బాధ," అంది ముప్పమ.

"సూర్యాస్తమయం దాకా నీ జోలికి ఎవరూ రారు," అన్నాడు కాటన రేచనతో. "ఆ తర్వాత మేడలో ఉన్న దొరసానమ్మ ఏం చెబితే అది. దొర లేడు కాబట్టి గొడ్డలి ఎత్తమనేవాళ్ళు ఇప్పుడు లేరు."

రేచన పరుగెత్తాడు. ధాన్యపు కొట్లు దాటాడు, గుర్రపుశాల దాటాడు, మేడ కింద నీటిద్వారానికి దిగే సొరంగంలోకి దూరాడు. తూము మీది ఇనుపచట్రం వంగి ఉంది. నీటిద్వారం గడియ విరిగి ఉంది. మెట్ల మీద తడి అడుగులు పైకి పోయాయి. వాటి పక్కన రేచన తన పాదం ఆనించి చూశాడు. రెండూ ఒకే కొలత.

అతను మెట్లెక్కి మేడ వసారాలోకి వచ్చేసరికి ఉత్తరద్వారం ముందు చేరిన జనమంతా పైకి చూస్తున్నారు. గోడ మీద, జెండా కింద, ఎల్లదొర నిలబడి ఉన్నాడు. ఒంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. మూతికి తడి శాలువా చుట్టి ఉంది. దొర బతికే ఉన్నాడని జనం దండాలు పెడుతున్నారు. కొందరు ఏడుస్తున్నారు. మొద్దు మీద కట్టేసిన రెండు చేతుల పక్కన కాటన మోకాలి మీద వంగాడు.

రేచన వసారాలోంచి తన గొంతు తాను విన్నాడు.

"కాటనా, గొడ్డలి ఎత్తు."

కాటన లేచి గొడ్డలి ఎత్తాడు.